కీలా, కీళ్లా, మీటలా? గేమింగ్ కీబోర్డు గురించి రాసేటప్పుడు

సందేహం: గేములు ఆడేవారు కీబోర్డును ఎలా ఎంచుకోవాలో వివరిస్తూ తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. అందులో “యాంత్రిక కీబోర్డులోని స్పర్శాత్మక స్విచ్చులు వినియోగదారునికి అభిప్రాయాన్ని అందిస్తాయి” అని రాస్తే, చదివిన మిత్రుడు ఒక్క ముక్కా అర్థం కాలేదన్నాడు. దీనిని ఎలా మార్చాలి? కొన్ని కీలను కలిపి నొక్కినప్పుడు వచ్చే గోస్టింగు అనే లోపాన్ని ఏమనాలి? కీని మీట అనవచ్చునా? బహువచనం కీలా, కీళ్లా? నొక్కడం, ఒత్తడం ఒకటేనా?

సమాధానం: మీ వాక్యంలోని మాటలు కఠినమైనవి కావు. అయితే వాటిలో రెండు తెలుగులో ఇదివరకే వేరే అర్థాలలో స్థిరపడిపోయాయి, మరొకటి ఈ స్విచ్చును వేరు చేసి చూపదు. చిక్కంతా అక్కడే ఉంది. ‘యాంత్రికంగా బదులిచ్చాడు’, ‘యాంత్రిక జీవనం’ అనే వాడుకల వల్ల ‘యాంత్రికం’ అనగానే మనసు పెట్టకుండా చేసే పని స్ఫురిస్తుంది. కాబట్టి మెకానికల్ కీబోర్డు అనే పేరును అలాగే ఉంచి, ప్రతి కీ కిందా దానికంటూ విడిగా ఒక స్విచ్చు, ఒక స్ప్రింగు ఉంటాయనీ, మామూలు కీబోర్డులలో చాలావాటికి కీలన్నిటి కిందా పరిచిన ఒకే రబ్బరు పొర ఉంటుందనీ ఒక్క వాక్యంలో చెబితే సరిపోతుంది. ఇక ఫీడ్‌బ్యాక్ అనే మాటకు మీరు పెట్టిన ‘అభిప్రాయం’ మనిషి మనసులో ఉండేది. స్విచ్చు మనకు ఇచ్చేది అభిప్రాయం కాదు, కీ పడిందన్న ఆనవాలు.

‘స్పర్శాత్మకం’ దగ్గర కొంచెం ఆగాలి. వేలు ఏ కీని తాకినా స్పర్శ ఉంటుంది. అందువల్ల ఆ మాట ఈ రకం స్విచ్చును మిగిలినవాటి నుంచి వేరు చేయదు. ఒక కీ మీద వేలు ఆనించి, తెర వైపు చూస్తూ, చాలా నెమ్మదిగా కిందికి దింపి చూడండి. లీనియర్ స్విచ్చు అయితే అడ్డేమీ లేకుండా తిన్నగా దిగిపోతుంది. ట్యాక్టైల్ స్విచ్చు అయితే నడిమధ్యన చిన్న పట్టు తగిలి, అది దాటగానే వదులవుతుంది. క్లిక్కీ స్విచ్చు అయితే ఆ పట్టుతోపాటు టక్కుమంటుంది. ఈ మూడింటికీ ‘తిన్నగా దిగేవి, పట్టు తగిలేవి, టక్కుమనేవి’ అన్న తెలుగు మాటలు నాకు ఎంతో ఇష్టం. చదివినవాడికి వేలి కొసన ఏమి జరుగుతుందో వీటిలోనే తెలిసిపోతుంది. లీనియర్‌కు బదులు వాడే ‘రేఖీయ’ అనే మాటను గణితానికి వదిలివేయడం మంచిది. చెర్రీ సంస్థ ఎం.ఎక్స్. స్విచ్చులలో ఎరుపువి మొదటి రకం, గోధుమరంగువి రెండవ రకం, నీలివి మూడవ రకం అని కూడా చేర్చితే, కొనేటప్పుడు పాఠకుడు రంగును బట్టి గుర్తుపట్టగలుగుతాడు.

అదే పరీక్షలో మరొకటి గమనిస్తారు: కీ అడుగు తాకకముందే తెర మీద అక్షరం పడుతుంది. చెర్రీ ఎరుపు స్విచ్చు మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది గాని 2 మిల్లీమీటర్ల దగ్గరే కంప్యూటరు దానిని అందుకుంటుంది. ఈ లోతుకు ‘క్రియాశీలక బిందువు’ అని పేరు పెట్టనక్కరలేదు, ‘కీ అందుకునే లోతు’ అంటే చాలు. మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: “మెకానికల్ కీబోర్డులలో పట్టు తగిలే రకం స్విచ్చు ఉంటే, కీ సగం దిగేసరికే అది పడినట్టు వేలికి తెలిసిపోతుంది.”

‘పడటం’ అన్న క్రియను చూశారు కదా. గోస్టింగు సంగతి చెప్పడానికి కూడా అదే చక్కగా పనికివస్తుంది. కీబోర్డు లోపల తీగలు అడ్డం వరుసలుగా, నిలువు వరుసలుగా అల్లుకుని ఉంటాయి. ఆ అల్లికలో ఒక చతురస్రపు మూడు మూలలలోని కీలను ఒకేసారి నొక్కితే, విద్యుత్తు చుట్టు తిరిగి వచ్చి నాలుగవ మూలలోని కీ కూడా నొక్కినట్టే కనిపిస్తుంది. అలా జరగకూడదని కొన్ని కీబోర్డులు మూడవ కీని అసలు పట్టించుకోవు. ప్రతి కీకీ ఒక డయోడు, అంటే విద్యుత్తును ఒకే వైపుకు పోనిచ్చే చిన్న భాగం, పెడితే ఈ రెండు బాధలూ ఉండవు. పరుగెత్తుతూ, గెంతుతూ, అదే క్షణంలో ఆయుధం మార్చే ఆటగాడికి ఇది ముఖ్యమైన విషయం. దీనికి దయ్యాలను, భూతాలను తీసుకురాకుండా ‘నొక్కని కీ పడటం’, ‘నొక్కిన కీ పడకపోవడం’ అని రాయండి. అక్షరం పడలేదు, రెండుసార్లు పడింది అని మనం రోజూ అనే మాటే ఇది.

మీట మంచి మాట. వీణ తీగను మీటడంలో, బరువును కిందినుంచి మీటి లేపడంలో ఉన్న ‘మీటు’ దీనికి మూలం. ‘మీట నొక్కి ప్రారంభించారు’ అని వార్తలలోనూ చదువుతూనే ఉన్నాం. అయినా కీబోర్డు అని రాస్తూ పక్కనే మీట అంటే రెండింటికీ ఉన్న చుట్టరికం కనిపించదు కాబట్టి మీ వ్యాసంలో కీ అనడమే నాకు ఉచితంగా తోస్తున్నది.

దాని బహువచనం కీలు, షష్ఠిలో ‘కీల మధ్య ఎడం’. శరీరంలోనూ తలుపుకూ ఉండే ‘కీలు’ ఏకవచనం. దాని బహువచనమే కీళ్లు. ‘కీలు అరిగాయి’ అంటే కీబోర్డువి, ‘కీలు అరిగింది’ అంటే తలుపుది. క్రియను చూస్తే తేడా తెలుస్తుంది. ‘104 కీళ్ల కీబోర్డు’ అని రాయడం మాత్రం పొరపాటు.

నొక్కడం ఒక్కచోట, వేలికొసతో, క్షణంలో జరిగిపోయే పని. ఒత్తడంలో బలం పరుచుకుని కాసేపు నిలుస్తుంది. కాళ్లు ఒత్తుతాం, నుదురు ఒత్తుకుంటాం. ‘కీ ఒత్తండి’ అనేవారూ ఉన్నారు, అది తప్పు కాదు. కానీ గేములో ఈ రెండు పనులకూ ఫలితం వేరు గనుక, దూకడానికి ‘నొక్కి వదలండి’ అనీ, నడుస్తూ ఉండటానికి ‘డబ్ల్యు కీని నొక్కి పట్టండి’ అనీ విడదీసి రాయండి.