పత్తి చేనులో పడిపోయిన పుస్తెలతాడు కోసం 15 అంగుళాల కాయిల్ కొనాలా?

మీరు అడిగింది ఇదీ: చండూరు దగ్గర మీ చెల్కలో పత్తి ఏరుతుంటే అమ్మ పుస్తెలతాడు తెగి పడిపోయింది. మీ దగ్గర 11 అంగుళాల కాయిల్ (నేల మీద తిప్పే కింది చక్రం) ఉన్న మెటల్ డిటెక్టర్ ఉంది, తిప్పితే దొరకలేదు, 15 అంగుళాల కాయిల్ తెప్పిస్తే దొరుకుతుందా అని. ఈ పనికైతే తెప్పించకండి. డబ్బులు పెట్టాలనే ఉంటే చిన్న కాయిల్ మీద పెట్టండి.

నా దగ్గర పెద్దదీ, చిన్నదీ రెండూ ఉన్నాయి. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరి కమ్మలో, గొలుసో చేన్లో పడిపోతే పిలుస్తారు, వెళ్తుంటాను. పెద్ద కాయిల్ అంటే లోతు అని అందరూ అనుకుంటారు. ఆ లోతు పెద్ద వస్తువులకే వస్తుంది. మా చేన్లో మట్టి కప్పేసిన పాత బోరు కేసింగ్‌ను 15 అంగుళాలదే పట్టించింది, 11ది దాని మీద గొణిగి ఊరుకుంది. అదే రూపాయి బిళ్లంత వస్తువుకైతే రెండింటికీ ఒకటి రెండు అంగుళాల కంటే తేడా నాకు కనిపించలేదు. కాయిల్ వెడల్పును దాటి లోతుకు పోయేకొద్దీ సిగ్నల్ ఘోరంగా పడిపోతుంది. దూరం రెట్టింపైతే దాదాపు 64వ వంతే మిగులుతుంది. నాలుగు అంగుళాలు పెంచినంత మాత్రాన దాన్ని గెలవలేం.

పైగా మీకు లోతుతో పనే లేదు. మొన్న పడ్డ వస్తువు పైమట్టిలోనో, రాలిన ఆకు కిందో ఉంటుంది. పెద్ద కాయిల్ ఒకేసారి ఎక్కువ నేలను చూస్తుంది, అందులో చిన్న బంగారం మాట వినపడదు. గొలుసుతో ఇంకో చిక్కు ఉంది. సన్న గొలుసును డిటెక్టర్ ఒక్క ముద్దగా చూడదు, ఒక్కో రింగును విడివిడిగా చూస్తుంది. అందుకే తులాల గొలుసు కంటే చిన్న ఉంగరం గట్టిగా మోగుతుంది. మీరు వెతకాల్సింది పుస్తెల కోసం, అవి బిళ్లల్లా ఉంటాయి కాబట్టి మోగుతాయి.

మన నేల సంగతి కూడా చూడండి. చెల్క ఎరుపంతా ఇనుము ఆక్సైడే. వాన పడి ఆరాక సాళ్లలో నల్లటి సన్న ఇసుక చారలు కడుతుంది కదా, ఒక అయస్కాంతం పెట్టి చూడండి, రేణువులు మీసాల్లా అంటుకుంటాయి. ఆ చారల మీద పెద్ద కాయిల్ ఊరికే అరుస్తుంది. గ్రౌండ్ బ్యాలెన్స్ (నేలలోని ఇనుముకు మోగకుండా మిషన్‌ను సర్దడం) ఇంటి ముందు చేసుకుని చేనుకు పోవద్దు, చేన్లోనే చేయాలి, కాయిల్ మార్చిన ప్రతిసారీ మళ్లీ చేయాలి. కాయిల్ కవర్ తీసి లోపల చేరిన ఎర్రమట్టి దులపండి, దాని వల్ల కూడా దొంగ సిగ్నళ్లు వస్తాయి. కేబుల్ రాడ్‌కు బిగుతుగా చుట్టి ఉండాలి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరైనా, మోటార్ నడుస్తున్నా గోల చేస్తుంది. పెద్ద కాయిల్‌కు ఈ బెడద ఇంకా ఎక్కువ. ముందు స్టార్టర్ బంద్ చేయించండి, అప్పటికీ ఆగకపోతే సెన్సిటివిటీ తగ్గించండి.

పత్తి కట్టెల మధ్య 15 అంగుళాలది తిరగదు కూడా. కట్టెకు తగలకుండా పైకి లేపుతాం, లేపిన ప్రతి అంగుళం లోతులోంచి పోయినట్టే. ఆరంగుళాలది సాలు మధ్యలో నేలకు ఆనించినట్టు పోతుంది. మినెల్యాబ్ ఈక్వినాక్స్ లాంటి వాటికి 11 అంగుళాలది మిషన్‌తోనే వస్తుంది, ఆరుది, 15×12ది విడిగా దొరుకుతాయి. మీ మిషన్ ఏదైనా, దాని మోడల్‌కు చేసిన కాయిలే కొనండి. ఒక కంపెనీది ఇంకో కంపెనీ మిషన్‌కు పనిచేయదు.

ఇక వెతకడం. డిస్క్రిమినేషన్ (కొన్ని లోహాలకు మోగకుండా చేసే సెట్టింగ్) పూర్తిగా తీసేయండి. చిన్న బంగారమూ గోలీల షీటు రేకూ మిషన్ తెర మీద దాదాపు ఒకే నంబర్ దగ్గర మోగుతాయి, రేకును తీసేస్తే పుస్తెలూ పోతాయి. ఇంట్లో ఉన్న ఉంగరానికి దారం కట్టి, అదే చేన్లో మూడు నాలుగు అంగుళాల లోతున పెట్టి ఎలా మోగుతుందో చెవికి పట్టించుకోండి. దారం మరవకండి. తర్వాత అమ్మను వెంట తీసుకెళ్లి ఆ రోజు ఏ సాలు నుంచి ఏ సాలుకు పోయిందో, ఎక్కడ కూర్చుని అన్నం తిన్నదో, ఒడి ఎక్కడ కుమ్మరించిందో అడగండి. ఈ ఒడి విషయం చాలామందికి తట్టదు. వంగి ఏరేటప్పుడు తెగిన గొలుసు పత్తితో పాటు ఒడిలోకే జారొచ్చు. ఇంట్లో పత్తి కుప్పను పలచగా పరిచి దాని మీద కాయిల్ తిప్పండి, పత్తి సిగ్నల్‌కు అడ్డం రాదు. కుప్ప అమ్మకానికి పోకముందే ఈ పని చేయండి.

పెద్ద కాయిల్ గుప్తనిధుల కోసమని మనసులో ఉంటే మాత్రం వదిలేయండి. 2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో కుండ నిండా 3,730 సీసపు నాణేలు దొరికింది పురావస్తు శాఖ తవ్వకాల్లో. 1878 నాటి గుప్తనిధుల చట్టం ప్రకారం భూమిలో దాచిన, పది రూపాయల విలువ దాటిన ఏ వస్తువు దొరికినా కలెక్టర్‌కు రాసి ఇవ్వాలి. పాత గుళ్లు, కోటల దగ్గరికి డిటెక్టర్ తీసుకెళ్లొద్దు.

పత్తి కట్టె పీకి రోటవేటర్ వేయడం మాత్రం వెతకడం అయ్యేదాకా ఆపండి. ఒకసారి తిరిగిందంటే గొలుసు ముక్కలై మడి అంతా చెదిరిపోతుంది, అప్పుడు ఏ కాయిల్ తెచ్చినా కష్టమే.