బీఎల్‌ఎస్ కార్డుకు రెండేళ్లు, మరి చేతులకు?

ప్రశ్న: విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. వచ్చే నెల నా బీఎల్‌ఎస్ (బేసిక్ లైఫ్ సపోర్ట్, అంటే గుండె ఆగినవాళ్లకు చేసే ప్రాథమిక ప్రాణరక్షణ) కార్డు గడువు తీరిపోతుంది. ట్రైనింగ్‌కి సెలవు కుదరదు, ఆన్‌లైన్‌లో వీడియోలు చూసి పరీక్ష రాసేయమంటున్నారు. అది చాలుతుందా మేడమ్? కోడ్ బ్లూ (ఎవరికో గుండె ఆగిందని ఆసుపత్రిలో ఇచ్చే పిలుపు) అని వినపడితే నాకు ఇప్పటికీ టెన్షనే.

జవాబు: చాలదు సిస్టర్. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కోర్సులో కూడా పాఠం వరకే ఆన్‌లైన్. శిక్షణ బొమ్మ మీద సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ శ్వాస అందించడం) చేసి చూపిస్తేనే కార్డు. దాని మీద రెండేళ్లని రాసి ఉంటుంది గానీ, చేతులు కొన్ని నెలలకే మర్చిపోవడం మొదలుపెడతాయి. సెలవు దొరికే లోపు మీ వార్డుకే ఒక బొమ్మ తెప్పించమని అడగండి. డ్యూటీ మారేటప్పుడు ఇద్దరిద్దరు రెండు నిమిషాలు నొక్కినా చాలా తేడా వస్తుంది.

నొక్కేటప్పుడు వాచీ పెట్టుకోండి. ముప్పై కంప్రెషన్లకు (ఛాతీ నొక్కుళ్లకు) 15 నుంచి 18 సెకన్లు పట్టాలి. అంతకన్నా ముందే అయిపోతే మీరు కంగారు పడుతున్నట్టు. పెద్దవాళ్లకు లోతు 5 సెంటీమీటర్లకు తగ్గకూడదు, 6 దాటకూడదు. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. అలిసిపోయినవాళ్లు తెలియకుండానే ఛాతీ మీద వాలిపోతారు. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలనేది అందుకే. ‘నాకేం అలుపు రాలేదు’ అనే కుర్రాడిని కూడా పక్కకు జరపండి.

క్లాసులో బొమ్మ నేల మీద ఉంటుంది, మీ పేషెంటు పరుపు మీద ఉంటాడు. మీరు నొక్కిన దాంట్లో కొంత పరుపే మింగేస్తుంది. వీపు కింద గట్టి బోర్డు, మీ కాళ్ల కింద స్టూలు ఉండాలి. ఎయిర్ బెడ్ అయితే గాలి వదిలే సీపీఆర్ వాల్వ్ ఎక్కడుందో ఈ రోజే చూసి పెట్టుకోండి. ఇవన్నీ వెతుకుతూ మాత్రం నొక్కడం ఆపకండి.

మా గుంటూరు క్లాసుల్లో నేను ఎక్కువగా కేకలేసేది రెండింటికి. ఒకటి, నాడి కోసం మెడ మీద వేళ్లు పెట్టి అలాగే నిలబడిపోవడం. పది సెకన్లలో కచ్చితంగా తెలియలేదా, నొక్కడం మొదలుపెట్టండి. ‘ఊపిరి తీస్తున్నాడు కదా’ అని అటెండర్లు అంటారు. అది ఎగశ్వాస, దాన్ని ఊపిరి కింద లెక్కవేయొద్దు. రెండోది ఆంబు బ్యాగ్ (చేత్తో పిండి శ్వాస అందించే సంచి). గొంతులో శ్వాస ట్యూబు వేశాక ఆరు సెకన్లకు ఒక్కసారి చాలు. గబగబా పిండితే ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. హడావిడిలో ఆ బ్యాగ్ ఎవరి చేతికి దొరికితే వాళ్లు పిండేస్తుంటారు!

ఇక టెన్షన్ సంగతి. డ్యూటీ ఎక్కగానే ఎవరు నొక్కాలి, ఎవరు బ్యాగ్ పట్టాలి, డీఫిబ్రిలేటర్ (గుండెకు షాక్ ఇచ్చే యంత్రం) ఎవరు తేవాలి అని ముందే పంచుకోండి. సగం టెన్షన్ అక్కడే పోతుంది.

ప్రశ్న: గుంటూరు జిల్లాలో అంబులెన్స్ పైలట్‌ని. కృష్ణలో మునిగినవాళ్లను మేం వెళ్లేసరికే జనం తలకిందులు చేసి, పొట్ట నొక్కి నీళ్లు కక్కిస్తుంటారు. అడ్డుకోవాలా?

జవాబు: అడ్డుకోండి బాబూ, గట్టిగానే. పొట్ట నొక్కితే లోపలున్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పైగా విలువైన సమయం వృథా. నీళ్లలో ఆగేది ముందు ఊపిరి, తర్వాతే గుండె. కాబట్టి మీలాంటి శిక్షణ ఉన్నవాళ్లు మాస్కుతో శ్వాస ఇవ్వడంతో మొదలుపెట్టి, వెంటనే కంప్రెషన్లకు వెళ్లాలి. ఇక్కడ ఉత్తి నొక్కుడు సరిపోదు. ఏఈడీ (షాక్ ఇచ్చే ఆటోమేటిక్ యంత్రం) ప్యాడ్లు అంటించే ముందు ఛాతీ పొడిగా తుడవండి. ఒక పొడి తువ్వాలు ఆ పెట్టె పక్కనే ఉంచుకోండి.