అంటించే మడత మీద రాసిన మాట

చిరంజీవి అమ్మాయికి,

నీ కథ రెండుసార్లు చదివాను. హైదరాబాద్‌లో అక్క, డాలస్‌లో చెల్లి, మధ్యలో ఫోన్. ఎంత ఇష్టంగా రాశావో ప్రతి పేజీలోనూ తెలుస్తోంది. కానీ చెల్లి ఫోన్ ఎత్తగానే అక్క "నాన్నకు బైపాస్ చేయాలంటున్నారే" అని ఏడ్చేసింది చూడు, అక్కడ ఆగిపోయాను. మన ఇళ్లలో అక్కలు అలా చెప్పరమ్మా.

నా సంగతే చెప్తాను. పెళ్లయ్యాక కొన్నేళ్లు భోపాల్‌లో ఉన్నాను. అక్క హైదరాబాద్ చిక్కడపల్లి నుంచి ఇన్‌లాండ్ లెటర్లు రాసేది. కవరు లేకుండా మడిచి అంటించే ఆ నీలం కాగితం నిండా చీమల బారులాంటి అక్షరాలు. నల్లా రెండు రోజులుగా రావట్లేదని, త్యాగరాయ గానసభలో కచేరీకి వెళ్తే చెప్పులు పోయాయని, మేనత్త కూతురికి సంబంధం కుదిరేలా ఉందని రాసేది. చోటంతా అయిపోయాక, అంటించే మడత మీద అడ్డంగా ఒక్క వాక్యం: "అమ్మకు కాస్త నలతగా ఉంది, నువ్వు కంగారు పడకు."

ఆ ఉత్తరం ఆత్రంగా చించాను. "అమ్మకు" అన్న మాట జిగురుకు అంటుకుని చిరిగిపోయింది. నలతగా ఉందని తెలుస్తోంది, ఎవరికో తెలియట్లేదు. ఆవిరి పట్టి, గోటితో గీకి, ఆ ముక్కను విడదీసేసరికి చీకటి పడింది. ఉత్తరం చేరడానికే నాలుగైదు రోజులు. అప్పటికి అమ్మకు తగ్గిందో, ఎక్కువైందో! దగ్గర్లో ఎవరికీ ఫోన్ లేదు. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

నేను అంత దూరం నుంచి వెంటనే రాలేనని అక్కకు తెలుసు. అందుకే అసలు సంగతిని నల్లా నీళ్ల మధ్య, పోయిన చెప్పుల మధ్య పెట్టి పంపింది. నీ కథలో కూడా అవి ఉన్నాయి. మూడో పేజీలో నువ్వే పెన్నుతో కొట్టేశావు! వాచ్‌మన్ కూతురు ఇంటర్ పాసవడం, చిన్నమ్మ బోనాలకు రాలేదని పాప అలగడం, నాన్న మాత్రల డబ్బాలో మంగళవారం గడి అలాగే నిండుగా ఉండిపోవడం. కథకు ప్రాణం ఆ పేరాలోనే ఉంది. ఆసుపత్రి సీను సగానికి తగ్గించినా ఏమీ పోదు.

ఇంకో సంగతి. రాత్రి 9 గంటలకు ఇక్కడి నుంచి ఫోన్ చేస్తే, అక్కడ చెల్లి రాత్రి భోజనం చేస్తోందని రాశావు. బోనాలు ఆషాఢంలో కదా, అప్పుడు డాలస్‌లో పొద్దున 10:30 అవుతుంది. నవంబర్‌లో వాళ్లు గడియారం గంట వెనక్కి జరిపాక 9:30. టైమ్ సరిచేసి ఊరుకోకు. ఒకరికి రోజు ముగుస్తుంటే ఇంకొకరికి మొదలవుతోంది. పిల్లలు నిద్రపోయారని అక్క గొంతు తగ్గించి మాట్లాడుతుంది, చెల్లికి ఆఫీసు మీటింగ్ టెన్షన్. ఆ హడావిడిలో అక్క ఎంత చెప్పగలదు, ఏది రేపటికి దాచుకుంటుంది?

దాచేది అక్క ఒక్కతే కాదు. చెల్లికి మూడు రోజులుగా జ్వరం ఉండొచ్చు, అయినా "గొంతు అలా ఉందేంటే" అంటే "ఏసీ వల్లలే" అంటుంది. ఆ మాటను అక్క నమ్మిందో లేదో నువ్వు చెప్పొద్దు. "మిరియాల పాలు తాగు" అంటుందేమో రాసి చూడు.

నీ అక్క మరీ మంచిదైపోయిందని కూడా అనిపించింది. నాలుగేళ్లుగా నాన్నను చూసుకుంటున్న మనిషికి ఒక్కసారైనా కడుపు మండదా? మా అక్క ఒక ఉత్తరంలో "నీకేం, నువ్వక్కడ హాయిగా ఉన్నావు" అని రాసి, దాని మీద గీత గీసింది. గీత కిందనుంచి అక్షరాలన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. వారం రోజులు నాకు అన్నం సయించలేదు. అయినా అక్క మీద కోపం రాలేదు, ఎందుకంటే అది నిజం. నీ కథలో అలాంటి మాట ఒకటి రావాలి, చెల్లి దానికి జవాబు చెప్పలేకపోవాలి.

ముందు ఆ మూడో పేజీ తిరిగి రాయి. మంగళవారం గడి సంగతి అక్క నోటితో చెప్పించాలా, వీడియో కాల్‌లో వెనక బల్ల మీద చెల్లికే కనబడాలా అన్నది తేల్చుకుని ఫోన్ చెయ్యి. మధ్యాహ్నాలు నేను ఇంట్లోనే ఉంటాను.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ వయసు రచయిత్రి