ఓడ ఎక్కే ముందు నాన్నగారి సీసా సంగతి

చిరంజీవి అల్లుడికి,

మావయ్య దీవెనలు. నిన్న రాత్రి ఫోన్లో నువ్వు అడిగినదానికి అప్పుడే జవాబు చెప్పాల్సింది. పక్కన మీ అత్తయ్య, పిల్లలు ఉన్నారని మాట దాటేశాను. సగం సగం చెప్పడం కంటే కూర్చుని రాయడమే మంచిదనిపించింది.

మీ నాన్నగారు, అంటే మా బావగారు, హైదరాబాద్ నుంచి వస్తూ దుబాయ్ ఎయిర్‌పోర్టులో లీటరు స్కాచ్ కొనుక్కొచ్చారు, దాన్ని మీరంతా టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవులో ఎక్కబోయే క్రూజ్, అదే సముద్ర విహారపు ఓడ, మీదికి ఎలా తీసుకెళ్లాలి అని కదా నువ్వు అడిగింది. ఆఫీసులో ఎవరో మౌత్‌వాష్ సీసాలో పోసి సూట్‌కేస్ అడుగున పెట్టేయమన్నారని కూడా చెప్పావు. ఆ స్కాచ్ ఓడ ఎక్కదు నాన్నా. ఎక్కించే ప్రయత్నం కూడా చేయొద్దు. ఎందుకో చెప్తాను, ఆ తర్వాత ఏం చేయొచ్చో కూడా చెప్తాను.

మేం మొదటిసారి క్రూజ్‌కి వెళ్లినప్పుడు నీకు చెప్పినట్టే నాకూ ఒక స్నేహితుడు చెప్పాడు. రెండు మౌత్‌వాష్ సీసాలు కడిగి, వోడ్కా పోసి, నీలం రంగు కలిపి, బట్టల మధ్యలో పెట్టాను. టెర్మినల్ బయట పోర్టరుకి సూట్‌కేసులు అప్పగించి హాయిగా ఓడెక్కాం. మధ్యాహ్నం మూడింటికి రెండు సూట్‌కేసులు గది ముందుకొచ్చాయి. మూడోది రాలేదు. ఐదయింది, ఆరయింది. ఓడ కదిలిపోయింది కూడా. మీ అత్తయ్య బీపీ మాత్రలు ఆ మూడోదాంట్లోనే ఉన్నాయి. రాత్రి భోజనానికి పిల్లలు వేసుకోవాల్సిన బట్టలూ అందులోనే.

ఏడింటికి గదికి ఫోన్ వచ్చింది, కింది డెక్కు మీద సెక్యూరిటీ గదికి రమ్మని. చిన్నది నాతో పాటు వస్తానంది, తీసుకెళ్లాను. అక్కడ నాలాంటి వాళ్లు పాతిక మంది లైన్లో ఉన్నారు. ఇస్త్రీపెట్టె తెచ్చినవాళ్లు, రైస్ కుక్కర్ తెచ్చినవాళ్లు, నాలాగా సీసాలు దాచినవాళ్లు. మా వంతు వచ్చేసరికి ముప్పావు గంట పట్టింది. ఆ ఆఫీసరు ఒక్క మాట పరుషంగా అనలేదు. నా చేతే తాళం తీయించి, సీసా మూత విప్పి, వాసన చూసి, రెండూ సింకులో పోసేశాడు. మా చిన్నదానికి అప్పుడు తొమ్మిదేళ్లు. "అది నోరు పుక్కిలించేది కదా నాన్నా, ఎందుకు పారబోశారు?" అనడిగింది. నాకు జవాబు దొరకలేదు. జరిమానా లేదు, ఇంకే శిక్షా లేదు. కానీ ఆ నాలుగు రోజులూ ఆ పిల్ల ముఖం చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొచ్చేది.

బావగారు ముప్పై ఏళ్లు హెడ్మాస్టరుగా చేసిన మనిషి. కాపీ కొట్టిన పిల్లవాణ్ణి పట్టుకుని, వాడి తండ్రిని పిలిపించి మాట్లాడిన మనిషి. ఆయన పేరున్న ట్యాగుతో సూట్‌కేస్ ఆ గదిలో పడి ఉండడం, ఈ వయసులో ఆయన మనవడి ముందు ఆ లైన్లో నిలబడడం నేను ఊహించుకోలేను. సీసా ఖరీదు అరవై డాలర్లో డెబ్బై డాలర్లో. దాని గురించి కాదు నా బాధ.

ఇక ఆ స్నేహితులు చెప్పే ఉపాయాలంటావా, వాళ్లకి తెలిసినవన్నీ సెక్యూరిటీ వాళ్లకీ తెలుసు. మౌత్‌వాష్ సీసాలు, షాంపూ సీసాలు, పల్చటి ప్లాస్టిక్ సంచులు, అన్నీ చూసి చూసి ఉన్నారు. ప్రతి సూట్‌కేసూ ఎక్స్‌రే లోంచే వెళ్తుంది. ఒకప్పుడు మంచినీళ్ల సీసాలు తీసుకెళ్లనిచ్చేవాళ్లు. వాటిలోనూ జనం వోడ్కా నింపడం మొదలుపెడితే 2015లో కార్నివాల్ అనే క్రూజ్ కంపెనీ వాళ్లు నీళ్ల సీసాలే మానేయించారు. మామూలుగా నీళ్లు తెచ్చుకునేవాళ్లకి కూడా ఆ వీలు పోయింది.

కంపెనీలు ఇంత పట్టుగా ఎందుకున్నాయంటే మొదటి కారణం డబ్బే, దాన్ని కాదనను. టికెట్ తక్కువకి అమ్మి బార్‌లో రాబట్టుకోవడం వాళ్ల వ్యాపారం. కానీ ఇంకో కారణం కూడా ఉంది, అది నేను కళ్లారా చూశాను. బార్‌లో అయితే ఎవరు ఎంత తాగారో ఖర్చు రాసే గది కార్డులో కనిపిస్తుంది, తూలుతున్నవాడికి ఇంక పోయనని చెప్పే మనిషి ఉంటాడు. గదిలో తలుపేసుకుని సొంత సీసా తాగేవాడికి అది ఉండదు. ఆ గదికి బాల్కనీ ఉంటుంది, బయట సముద్రం ఉంటుంది.

సరే, ఏం తీసుకెళ్లొచ్చో చెప్తాను. నువ్వు బుక్ చేసింది కార్నివాల్ కాబట్టి వాళ్ల లెక్కే రాస్తున్నాను. 21 ఏళ్లు నిండిన ప్రతి మనిషీ ఎక్కే రోజున 750 మిల్లీలీటర్ల వైన్ గానీ షాంపేన్ గానీ ఒక సీసా తెచ్చుకోవచ్చు. సీల్ తీయనిదై ఉండాలి. వైన్, షాంపేన్ మాత్రమే. బీరు, విస్కీ, రమ్, వోడ్కా ఏవీ కుదరవు. అన్నిటికంటే ముఖ్యం, ఆ సీసా చేతి బ్యాగులో ఉండాలి. పోర్టరుకి ఇచ్చే సూట్‌కేసులో పెడితే, తెచ్చుకోవడానికి వీలున్న వైనే అయినా ఇబ్బందే. స్కానర్ దగ్గర వాళ్లు అడగకముందే బయటకి తీసి చూపించు. రెండు నిమిషాల్లో పనైపోతుంది.

మీ నలుగురు పెద్దవాళ్ల లెక్కన నాలుగు సీసాలు తీసుకెళ్లొచ్చు. కానీ మా అక్క చేతికి వైన్ సీసా ఇచ్చి లైన్లో నడవమని మాత్రం అనొద్దు. ఆవిడ పూజ పుస్తకం పెట్టుకునే బ్యాగు అది. నీదొకటి, బావగారిదొకటి చాలు. రెండు సీసాల్లో కలిపి పది గ్లాసులు వస్తాయి, నాలుగు రాత్రులకి నీకూ అమ్మాయికీ అది ఎక్కువే. మరమూత ఉన్న సీసా కొను, కార్కు తీసే పనిముట్టు వెతుక్కోనక్కర్లేదు. గదిలో తాగితే ఏమీ కట్టక్కర్లేదు. డైనింగ్ రూముకి తీసుకెళ్తే సీసాకి ఫీజు వేస్తారు.

పిల్లవాడికి కూల్‌డ్రింకులు కావాలంటే మనిషికి 12 చిన్న క్యాన్లు తెచ్చుకోవచ్చు, అవి కూడా చేతి సామానులోనే. సీసాలు కాకుండా క్యాన్లో అట్టపెట్టెలో అయి ఉండాలి. అక్క ఎలాగూ ఆవకాయ అడుగుతుంది. ఇంట్లో పెట్టిన జాడీ వద్దు, దుకాణంలో కొన్న సీల్ ఉన్న ప్యాకెట్టు పెట్టుకోండి. చిన్న రైస్ కుక్కర్, ఎలక్ట్రిక్ కెటిల్ మాత్రం పొరపాటున కూడా పెట్టనివ్వొద్దు. నేను చెప్పిన ఆ గదికే వెళ్తాయి అవి.

ఇప్పుడు బావగారి సంగతి. ఆయన వైన్ ముట్టరు, రాత్రి భోజనం ముందు రెండు పెగ్గులు విస్కీ, అంతే. అందుకని డ్రింక్స్ ప్యాకేజీ కొందామా అన్నావు. వద్దు. కార్నివాల్‌లో ఒకే గదిలో ఉన్న 21 దాటినవాళ్లలో ఒకరు కొంటే అందరూ కొనాలి. అంటే ఆయన కోసం అక్కకి కూడా కొనాలి. టిప్పుతో కలిపి మనిషికి రోజుకి 70 డాలర్లు దాటుతుంది. 70 అనుకున్నా నాలుగు రోజులకి ఇద్దరికీ 560. రోజుకి 15 డ్రింకుల దాకా ఇస్తారట, ఎవరికి కావాలి అన్ని? అదే విడిగా కొంటే, ఒక పెగ్గు టిప్పుతో 15 డాలర్లు అనుకో, రోజుకి రెండు చొప్పున నాలుగు రోజులకి ఎనిమిది పెగ్గులు, 120 డాలర్లు. ఆ 120 నువ్వు పెట్టుకో. నిన్ను చదివించిన మనిషికి అది పెద్ద ఖర్చు కాదు.

ధర మాత్రం ఆయనకి చెప్పకు. డాలర్లని రూపాయల్లోకి మార్చి చూసుకుంటే ఆయన గొంతు దిగదు. ఓడ మీద డబ్బులు చేతికివ్వరు, గది కార్డు మీదే రాస్తారు కాబట్టి ఆయన కార్డుని నీ అకౌంటుకి కలిపేయి. ఇంకో విషయం, మన దగ్గర లార్జ్ అంటే 60 మిల్లీలీటర్లు, ఇక్కడ బార్‌లో మామూలుగా పోసేది ఔన్సున్నర, అంటే 44. గ్లాసు చూసి తక్కువ పోశారని ఆయన అనుకోవచ్చు. డబుల్ చెప్పొద్దు, అది దాదాపు 90 అవుతుంది. ఆయన షుగర్ మాత్రలు వేసుకుంటారు కదా, తినకుండా తాగితే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. పక్కన ఏదో ఒకటి తినేలా చూడు.

దీనికంటే నన్ను ఎక్కువ కంగారు పెట్టేది సముద్రపు వికారానికి వేసుకునే మాత్రలు. డ్రామమీన్, బోనిన్ లాంటివి అసలే మత్తుగా ఉంటాయి. వాటి మీద విస్కీ పడితే అరవై ఎనిమిదేళ్ల మనిషికి కాలు నిలవదు, పైగా ఊగే ఓడ. మాత్ర వేసుకున్న రోజు చుక్క కూడా వద్దని ముందే చెప్పు. నువ్వు చెప్తే వినకపోతే నాకు ఫోన్ చేయించు.

దారిలో ఓడ ఆగే మెక్సికో దీవి కొజుమెల్‌లో దిగగానే రేవు దగ్గరే దుకాణాలు వరసగా ఉంటాయి. అక్కడి మద్యం టెకీలా రుచి చూపిస్తామని పిలుస్తారు, బావగారికి ఒక సీసా కొనాలనిపించొచ్చు. కొనుక్కోనీ. కానీ అది ఓడలో తాగడానికి కాదు. తిరిగి ఎక్కేటప్పుడు బల్ల దగ్గర అప్పగిస్తే చీటీ ఇచ్చి దాచిపెడతారు, ప్రయాణం చివర్లో మళ్లీ చేతికిస్తారు. ఓడలోని దుకాణంలో కొన్న సీసాలదీ ఇదే పద్ధతి. 21 దాటిన మనిషికి లీటరు దాకా అమెరికా కస్టమ్స్ సుంకం లేదు. అయితే గాల్వెస్టన్‌లో దిగాక టెక్సస్ రాష్ట్రం వాళ్ల బల్ల ఒకటి ఉంటుంది. డ్యూటీ ఫ్రీ అని రాసి ఉన్నా సరే రాష్ట్రం పన్ను, చిన్న ఫీజు అక్కడ కట్టాలి. కొద్ది డాలర్లే, దాటవేయొద్దు. తెరిచిన వైన్ సీసా ఏదైనా మిగిలితే ఇంటికొచ్చేటప్పుడు కారు డిక్కీలో పెట్టు. మనుషులు కూర్చునే చోట తెరిచిన సీసా ఉంటే టెక్సస్‌లో నేరం, ఎవరూ తాగకపోయినా.

వచ్చే ఏడాది అలాస్కా అంటున్నావు కాబట్టి ఒక మాట. ఈ లెక్కలు కంపెనీకో రకంగా ఉంటాయి. ప్రిన్సెస్‌లో మనిషికి ఒక వైన్ సీసా ఉచితం, పైన తెచ్చుకునేవాటికి డబ్బు కట్టాలి. నార్వీజియన్‌లో ఎన్ని వైన్ సీసాలైనా సరే, ప్రతిదానికీ ఫీజు ఉంటుంది. డిస్నీలో రెండు వైన్ సీసాలు గానీ ఆరు బీర్లు గానీ, మధ్యలో ఆగే రేవుల్లో కూడా తెచ్చుకోనిస్తారు. సొంత సీసా ఏదైనా తెచ్చుకోమనేది వైకింగ్ వాళ్లు, కానీ అందులోకి పిల్లల్ని రానివ్వరు. నియమాలు మారుతూ ఉంటాయి, ఎక్కే వారం ముందు వాళ్ల వెబ్‌సైట్లో ఇంకోసారి చదువుకో. పోయినసారి అలా ఉందని ఎవరో అన్న మాట నమ్ముకోకు.

పాస్‌పోర్టులు, మందులు కూడా సూట్‌కేసుల్లో పెట్టొద్దు, చేతి బ్యాగులోనే. మా మూడో సూట్‌కేస్ గుర్తుంచుకో.

మీ ఊరు ఫ్రిస్కో నుంచి తెల్లవారుజామున బయల్దేరి నేరుగా గాల్వెస్టన్ వెళ్లడం పెద్దవాళ్లకి కష్టం. ముందురోజు సాయంత్రమే షుగర్‌ల్యాండ్ వచ్చేయండి, రాత్రి మా ఇంట్లో పడుకుని పొద్దున్నే వెళ్లొచ్చు. గంట ప్రయాణం. ఆ స్కాచ్ సీసా కూడా తీసుకురా. సీల్ తీయకుండా మా బీరువాలో పెడతాను. మీరు దిగేది గురువారం కదా, ఆ రోజు కూడా ఇక్కడే ఉండండి. మీ అత్తయ్య చేపల పులుసు పెడతానంది. భోజనం ముందు నేనూ బావగారూ పెరట్లో కుర్చీలేసుకుని ఆ సీల్ తీస్తాం. ఈ మాట ఆయనకి నువ్వే చెప్పు, నా పేరు చెప్పి మరీ. అప్పుడు సీసా వదిలి వెళ్లడానికి ఆయన బాధపడరు.

అక్కకి నా నమస్కారాలు. అమ్మాయికి, పిల్లవాడికి ఆశీస్సులు.

మీ మావయ్య