జీడిపిక్క పెంకు దగ్గర మొదలుపెట్టు

చిరంజీవి చెల్లెమ్మకు,

అణువులు ఒకదాన్నొకటి ఎలా పట్టుకుంటాయో, మందులు ఎలా పనిచేస్తాయో వివరిస్తూ నువ్వు రాసిన వ్యాసం చదివాను. చదువు బాగా ఉంది, శ్రద్ధా ఉంది. కానీ మొదటి పేజీన్నర అంతా నిర్వచనాలే. హైడ్రోజన్ బంధం అంటే ఇది, వాండర్‌వాల్స్ బలాలంటే ఇవి అని, అణువుల మధ్య ఉండే బలహీనమైన ఆకర్షణల గురించి చెప్పుకుంటూ పోయావు. ఒక్క అణువు పేరు వినబడేసరికి రెండో పేజీ సగం అయిపోయింది. అంతదాకా ఎవరు ఆగుతారమ్మా?

ఉద్దానం పిల్లవి. పలాస జీడిపిక్కల మధ్య పెరిగి, ఉదాహరణ కోసం ఎక్కడెక్కడో వెతకడం ఎందుకు? పెంకులోని జీడి అంటితే చెయ్యి పొక్కుతుందని నీకు చిన్నప్పుడే తెలుసు. అందులో ఎక్కువ భాగం అనకార్డిక్ ఆమ్లం. దాని తల సాలిసిలిక్ ఆమ్లం, అంటే మనం ఆస్పిరిన్ తయారుచేసుకునేదే. ఆ తలకి 15 కార్బన్ల పొడవాటి తోక ఉంటుంది. తోకకి నీళ్లు పడవు, నూనెలో, కొవ్వులో ఇట్టే కలిసిపోతుంది. అందుకే ఒట్టి నీళ్లతో ఎంత కడిగినా జీడి వదలదు. పిక్కలు కొట్టే ఆడవాళ్లు ముందే చేతులకి నూనె రాసుకునేది ఇందుకే. ఇదే అణువుని బాగా వేడిచేస్తే ఆమ్లం ముక్క కార్బన్ డయాక్సైడ్‌గా ఊడిపోయి కార్డనాల్ మిగులుతుంది. దాన్ని ఫార్మాల్డిహైడ్‌తో కలిపి రెసిన్ (గట్టిపడే జిగురులాంటిది) చేసి బ్రేకు లైనింగుల్లో వాడతారు. తోక ఇంకా ఉంది కాబట్టి ఆ రెసిన్ మరీ పెళుసుగా ఉండదు. ఏ ముక్క తీస్తే ఏ గుణం పోయింది, ఏది ఉంచితే ఏది మిగిలింది అన్నది పాఠకుడికి ఇక్కడే తెలిసిపోతుంది. నిర్వచనాలు ఆ తర్వాత చెప్పినా వింటాడు.

"బలహీన బంధాలు" అని రాసి వదిలేశావు. ఎంత బలహీనం? నీటి అణువుల మధ్య హైడ్రోజన్ బంధం మోలుకి సుమారు 20 కిలోజౌళ్లు. నీటి అణువు లోపలి బంధం 460 దాకా ఉంటుంది. ఈ తేడా చెబితేనే మందు ప్రొటీన్‌ని పట్టుకోవడమూ, మళ్లీ వదిలిరావడమూ ఎలా కుదురుతాయో అర్థమవుతుంది.

మన తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి రాసిన పేరా ఉంచు, కానీ పొగడ్తలు తగ్గించు. అసలు సంగతి ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందులో ఉంది. ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌లో ఉంగరంలా ఉండే భాగంలో ఆక్సిజన్ ఉన్న ఒక చోట అమైనో గుంపు పెట్టారు, అంతే. శరీరంలోని ఎంజైము (రసాయన చర్యల్ని నడిపే ప్రొటీన్) దాన్ని ఫోలిక్ ఆమ్లమే అనుకుని పట్టుకుని ఇరుక్కుపోతుంది. 1948లో పిల్లల లుకేమియా (రక్త కేన్సర్) మీద అది పనిచేసిందన్న ఫలితాలు వచ్చాయి. అప్పటికి ఆ ఎంజైము ఆకారం ఎవరూ చూడలేదు. దశాబ్దాల తర్వాత ఎక్స్-రే బొమ్మల్లో చూస్తే అమినోప్టెరిన్‌కి తమ్ముడిలాంటి మందు మెథోట్రెక్సేట్ ఉంగరం ఫోలిక్ ఆమ్లం కూర్చునే తీరుకి తిరగేసి కూర్చుని ఉంది! నువ్వేమో ఎంజైముని చూసి మందు చెక్కినట్టు రాశావు. ఆ వాక్యం కొట్టెయ్.

ప్రొటీన్ తాళం, మందు తాళంచెవి అనే పోలిక కూడా వద్దు. 1894లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఎమిల్ ఫిషర్ ఎంజైముల గురించి చెప్పినప్పుడు అది కొత్త, ఇప్పుడు అందరూ అరగదీశారు. పైగా తాళం కదలదు, ప్రొటీన్ కదులుతుంది. చెవి పెట్టేముందు తాళంలోంచి నీళ్లు బయటికి తొయ్యాల్సిన పనీ లేదు, ప్రొటీన్ దగ్గర ఆ పని ఉంటుంది. అణువు చుట్టూ ఉన్న నీటిని మర్చిపోయి రాసేవాళ్లే ఎక్కువ, నువ్వూ అదే చేశావు.

"అణువు కోరుకుంటుంది" అనే మాట ఒకటి రెండుసార్లయితే పర్లేదు. నేను కూడా పైన ఎంజైము "అనుకుంది" అన్నాను. పేరాకొకటి వస్తే మాత్రం చదివేవాడికి కథలా అనిపించి, కారణం జారిపోతుంది. ధన, రుణ ఆవేశాలు ఎక్కడున్నాయో చెబితే చాలు, ఎందుకు లాక్కున్నాయో తనే చూసుకుంటాడు.

సంక్రాంతికి విజయనగరం వస్తానన్నావుగా, ఆలోగా పలాస భాగం వరకు తిరగరాసి పంపు. మిగతాది తర్వాత చూద్దాం, టెన్షన్ పడకు. బొమ్మలు చేత్తో గీసినా పర్లేదు. హైడ్రోజన్ బంధాలకి చుక్కల గీతలు కాస్త గట్టిగా పెట్టు, నువ్వు పంపిన ఫోటోలో అవి అసలు కనబళ్లేదు.

ఆశీస్సులతో,
అన్నయ్య