నామినీ అయితే డబ్బు అతనిదేనా?

ప్రశ్న: మాది తెనాలి. ప్రైవేటు కంపెనీలో పనిచేసే మా ఆయన ఈమధ్యే పోయారు. ఆస్తంతా నాకే అని ఇద్దరు సాక్షులతో వీలునామా రాశారు, రిజిస్టరు చేయించలేదు. బ్యాంకు ఎఫ్‌డీకీ, పీఎఫ్‌కీ పెళ్లికి ముందు మా మరిది పేరు నామినీగా పెట్టారు, తర్వాత మార్చలేదు. 2017లో తీసుకున్న బీమా పాలసీకి మా అత్తగారు నామినీ. ఆవిడ మా దగ్గరే ఉంటారు. "నామినీయే ఓనరు, నీ వీలునామా చెల్లదు" అంటున్నాడు మరిది. మాకు ఎనిమిదేళ్ల పాప. ఏం చేయాలి?

జవాబు: ముందు ఎఫ్‌డీ సంగతి చూడండమ్మా, టెన్షన్ పడాల్సింది దాని గురించే. నామినీ అంటే బ్యాంకు నుంచి డబ్బు అందుకునే మనిషి, అంతవరకే. అది చివరికి ఎవరికి చెందాలన్నది వీలునామాని బట్టి, అది లేకపోతే వారసత్వ చట్టాన్ని బట్టి తేలుతుంది. షేర్ల కేసులో సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో ఇదే చెప్పింది. కాకపోతే మీ ఇంటి తగాదాతో బ్యాంకుకి పనిలేదు. మరిది డెత్ సర్టిఫికెట్, రసీదు పట్టుకెళ్తే, కోర్టు ఉత్తర్వు అడ్డం లేనంతవరకు ఇచ్చేస్తుంది. అతను ఖర్చు పెట్టేశాక మీరు దావా గెలిచినా వసూలు చేసుకునేసరికి తలప్రాణం తోకకొస్తుంది. పెద్దమనుషుల్లో కూర్చుందామంటే కూర్చోండి, కానీ ఆలోపే సివిల్ కోర్టులో ఇంజంక్షన్‌కి, అంటే ఆ డబ్బు మరిదికి ఇవ్వకుండా ఆపే ఉత్తర్వుకి వేసేయండి.

పీఎఫ్ దగ్గర మరిది మాట అసలు నిలబడదు. ఆ నిబంధనల్లో తమ్ముడు కుటుంబం కిందికి రాడు, పెళ్లికి ముందు అతని పేరు రాసినా పెళ్లయ్యాక అది చెల్లదు. అయితే ఒక మెలిక ఉంది, ఇక్కడ మీ వీలునామా కూడా పనిచేయదు. మీకు, పాపకు, కొడుకు మీదే ఆధారపడి బతికినట్టయితే మీ అత్తగారికి కూడా సమానంగా పంచుతారు. పీఎఫ్‌తో ఉండే పెన్షన్ వేరే, అది భార్యగా మీకు, 25 ఏళ్లు వచ్చేదాకా పాపకు వస్తుంది. ఉద్యోగంలో ఉండగా పోతే ఈడీఎల్ఐ అని ఇంకో బీమా ఉంటుంది, గరిష్ఠంగా 7 లక్షలు. చాలామంది దాన్ని అడగనే అడగరు, కంపెనీ హెచ్‌ఆర్‌ని గట్టిగా అడగండి.

ఇక బీమా పాలసీ. నామినీ డబ్బు అందుకుని వారసులకి అప్పజెప్పే ఉత్త ధర్మకర్తేనని 1983లో సుప్రీంకోర్టు అంది గానీ, 2015లో చట్టం మారింది. తల్లిదండ్రులు, భార్య లేక భర్త, పిల్లలు నామినీలైతే ఆ డబ్బు వాళ్లదే. మిగతా వారసులు అడ్డుపడితే ఏమిటన్న దాని మీద హైకోర్టులు తలో మాట అన్నాయి కాబట్టి కేసు వేయొచ్చు, కానీ నన్నడిగితే వద్దు. కొడుకు పోయిన పెద్దావిడ, మీ ఇంట్లోనే ఉంటారు, పైగా మరిదితో తగాదాలో ఆవిడ మీ వైపు ఉండటం మీకే ముఖ్యం.

వీలునామా రిజిస్టరు కాకపోయినా ఇబ్బంది లేదు, మన దగ్గర ప్రొబేటు (వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) కూడా తప్పనిసరి కాదు. కానీ కోర్టుకెళ్తే సాక్షుల్లో కనీసం ఒకరు వచ్చి "ఆయన సంతకం పెట్టడం చూశాను" అని చెప్పాలి. వాళ్లెక్కడున్నారో మీరు రాయలేదు. ఇద్దరి ఫోన్ నంబర్లు, చిరునామాలు ఇవాళే లాయరుకి ఇవ్వండి, ఒరిజినల్ మాత్రం మీ దగ్గరే పెట్టుకుని జిరాక్సులే బయటికి పంపండి.