ముందు ఏ ఆపరేషనో అడగండి

మీ నాన్నగారికి నాలుగేళ్ల క్రితం ప్రొస్టేట్ క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చారని, ఇప్పుడు పీఎస్ఏ (ప్రొస్టేట్ నుంచి రక్తంలోకి వచ్చే ప్రొటీన్) పెరుగుతోందని, డాక్టరు ఆపరేషన్ అంటున్నారని రాశారు. మాది నరసన్నపేట. మా నాన్నగారికీ ఇలాగే తిరగబెట్టింది.

ముందుగా మీ డాక్టరు చెప్పింది ఏ ఆపరేషనో కనుక్కోండి. మాకు ఈ అయోమయంలోనే రెండు వారాలు పోయాయి. వృషణాలు తీసేయడమూ ఆపరేషనే. అది హార్మోన్‌ను తగ్గించి జబ్బును అణచి ఉంచుతుంది, నయం చేయదు. మూత్రం దారికి అడ్డుపడిన కండను గీసి తీసేదీ ఆపరేషనే. అది మూత్రం సాఫీగా రావడానికే. నయం చేయాలని చేసేది ప్రొస్టేట్ గ్రంథిని పూర్తిగా తీసేసే ఆపరేషన్. మా డాక్టరు చెప్పింది వృషణాలు తీసేయడం, మేం అనుకున్నది గ్రంథి తీసేయడం.

గ్రంథి తీయాలంటే జబ్బు దాన్ని దాటలేదని తేలాలి. రేడియేషన్ తర్వాత పీఎస్ఏ కాస్త పెరిగి తనంతట తానే తగ్గడమూ ఉంది. అంతకుముందు దిగిన కనిష్ఠ స్థాయి మీద 2 పెరిగితే తిరగబెట్టినట్టు లెక్క. మా నాన్నగారిది 0.6 నుంచి 2.9కి వెళ్లింది. విశాఖపట్నంలో పీఎస్ఎంఏ పెట్ స్కాన్ (ప్రొస్టేట్ క్యాన్సర్ ఒంట్లో ఎక్కడుందో చూపేది), ఎమ్మారై, బయాప్సీ చేయించాం. ఎముకల్లో ఏమీ లేదని చెప్పిన రోజు కాంప్లెక్స్‌లో బస్సెక్కి ఇంటికి చేరేదాకా ఆయన రిపోర్టుల కవరు ఎవరికీ ఇవ్వలేదు.

సర్జన్ ఏదీ దాచలేదు. రేడియేషన్ తగిలిన కణజాలం గట్టిపడి చుట్టుపక్కల అతుక్కుంటుంది, పురీషనాళానికి గాయం కావచ్చు, మూత్రం పట్టు తప్పవచ్చు, అంగస్తంభన శక్తి చాలామందికి పోతుంది అన్నారు. గ్రంథిని తీయకుండా అతిచలితో గడ్డకట్టించే క్రయోథెరపీ, ధ్వని తరంగాలతో కాల్చే హైఫు, లోపలి నుంచి మళ్లీ ఇచ్చే రేడియేషన్ కూడా ఉన్నాయి. మీ నాన్నగారికి ఏవి సరిపోతాయో తప్పకుండా అడగండి.

మా నాన్నగారికి గ్రంథి తీశారు. మూడు వారాలు కాథెటర్ (మూత్రం పోయే గొట్టం), తర్వాత రోజుకు ఐదారు ప్యాడ్లు. మార్చిన ప్రతిసారీ అమ్మ క్యాలెండర్‌లో తేదీ కింద పెన్సిల్‌తో గీత గీసేది. కటి కండరాలు బిగించే వ్యాయామం నాన్నగారు ఒక్క పూట కూడా మానలేదు. పదో నెలకు రోజుకు గీత ఒక్కటే మిగిలింది. కానీ ఆ పది నెలలూ ఆయన ఒక్క పెళ్లికీ రాలేదు, అది నాకు ఇప్పటికీ బాధే.

అందుకే మూత్రం సంగతి మీ నాన్నగారి ఎదుటే అడగండి. రేడియేషన్ అయినవారికి ఇలాంటివి ఎన్ని చేశారో కూడా సర్జన్‌ను అడగండి. మా సర్జన్ ఏమీ అనుకోలేదు, లెక్క చెప్పారు.